మర రెండు దాటకూడదు

పై తలుపు తెరవడానికి 41 రోజులు. గురువారం.

ఈ పుస్తకం రాయమన్నది డాక్టరమ్మ. రోజూ రాయాలట. ఒంట్లో గాలి కొలిచే వేలి క్లిప్పులో ఎంత అంకె వచ్చింది, తెమడ ఏ రంగులో ఉంది, మందు పంపు ఎన్నిసార్లు పీల్చాడు, ఎన్ని మెట్లు ఎక్కాడు. ముప్పై ఏళ్లు బాయి బడిలో పిల్లల నోట్సులు దిద్దినదాన్ని, ఇప్పుడు మొగుడి తెమడ రంగు రాస్తూ కూర్చోవాలి. సరే, రాస్తాను. ఆమె దగ్గర తప్పించుకోవడం నా వల్ల కాదు.

రోగి పేరు ఓదెలు. వయసు అరవై మూడు. రోగం సిఓపిడి. నేల కింద మేముండే ఈ ఏడో బాయిలో అందరూ దమ్ము అంటారు. రాసేది ఆయన భార్య శంకరవ్వ.

డాక్టరమ్మ మూడో బాయిలో ఉంటుంది. ఫోను పెట్టె గురువారం మాత్రమే పలుకుతుంది, ఆ ఒక్క రోజులోనే ఆమె నాలుగు బాయిల రోగులను చూడాలి. అందుకని నేను సూటిగా అడిగేశాను. "తలుపు తెరిచేనాటికి ఈయన మెట్లు ఎక్కగలడా, లేడా?"

పై తలుపు ఏడాదికి ఒక్కసారి, పుష్యమాసంలో తొమ్మిది రోజులు తెరుస్తారు. ఆ తొమ్మిది రోజులే పైన ఎండ మనిషిని బతకనిస్తుంది. లిఫ్టులో సామాను తప్ప మనిషిని ఎక్కనివ్వరు. మెట్లు రెండు వందల పన్నెండు. ఓదెలు పైకి పోయి మూడేళ్లయింది. తలుపు పక్కన ఒక రేగు చెట్టు ఉంది, దాని పండ్లు కోసుకుని తినాలి, ఆకాశం కింద నిలబడి ఒక్కసారి ఉచ్చపోయాలి. ఆయన కోరికలు ఈ రెండే. రెండోది డాక్టరమ్మకు చెప్పొద్దని ఎంత మొత్తుకున్నా చెప్పేశాడు. ఆమె నవ్వింది.

"చెడిపోయిన ఊపిరితిత్తులు మళ్లీ బాగుపడవు ఓదెలుగారూ. మిగిలినదాన్ని పొదుపుగా వాడుకోవడం నేర్పిస్తాను. కాళ్లకు బలం వస్తే ఊపిరి తక్కువ ఖర్చవుతుంది. రోజూ నాలుగైదు మెట్లు పెంచండి."

ఇవాళ క్లిప్పు అంకె 87. మెట్లు పద్దెనిమిది. పద్దెనిమిదో మెట్టు మీద గోడ పట్టుకుని ఆగిపోయాడు, పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి. నాకు చాలా భయం వేసింది. పైకి మాత్రం తిట్టాను.

40 రోజులు.

పంపు పీల్చడం ఇన్నేళ్లుగా తప్పే చేస్తున్నాడు! నోట్లో కొట్టుకుని వెంటనే ముక్కులోంచి వదిలేస్తున్నాడు. మందంతా నాలుక మీదే పడి చచ్చింది. డాక్టరమ్మ చెప్పినట్టు నీళ్ల సీసా అడుగున రంధ్రం కోసి, పంపును అందులో బిగించాను. ముందు ఊపిరంతా వదలాలి, పంపు నొక్కాలి, మెల్లగా లోపలికి లాగాలి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. నేను లెక్కపెట్టాను.

"ఒకటి... రెండు... మూడు..."

ఆరు దగ్గర ఫక్కున నవ్వాడు. మందంతా బయటికి పోయింది.

"ఏమైందయ్యా?"

"బెత్తం... పట్టుకున్నట్టే... నిలబడ్డవే," అన్నాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఈ ఏడాదంతా ఆయన మాటలు ఇట్లాగే ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. ఒకప్పుడు ఈయన నోరు మూయించడం నా తరమయ్యేది కాదు.

ఇంట్లో పొగ ఉందా అని డాక్టరమ్మ అడిగింది. ఇప్పుడు లేదు. తలుపుకు తడి గోనె కట్టి ఉంచుతాను, పూటకోసారి బల్లలూ మంచాలూ తడిగుడ్డతో తుడుస్తాను, గాలి కోసం పెంచే నాచు తొట్టి మీద దీపం మారుస్తాను. బాయిలో తాలింపు నిషేధం. ఒక ఇంట్లో మిరపకాయ వేగితే ఆ ఘాటు అన్ని సొరంగాలూ తిరిగి వస్తుంది. అయితే మొదట కిందికి దిగిన ఏళ్లలో ప్రతి ఇంట్లో బొగ్గు పొయ్యే. ఆయన ఇరవై రెండేళ్లు మనుషులుండడానికి సొరంగాలు తవ్వాడు, ముక్కుకు తడిగుడ్డ తప్ప ఇంకేమీ లేదు. ఆపైన బీడీలు. ఆకు దొరకని రోజు దాకా కాల్చాడు. ఆకు దొరకదని తెలిసి ఆ పూట ఏడ్చాడు కూడా.

34 రోజులు. గురువారం.

అంకె 89. మెట్లు నలభై ఆరు! తెమడ తెల్లగా ఉంది.

పెదాలు సున్నాలా చుట్టి వదలడం అలవాటైంది. వేడి టీ ఊదినట్టు, మెల్లగా, లాగిన దానికంటే రెండింతలు పొడవుగా. ఇది చేసినప్పుడల్లా ఆయన మొహం చూస్తే నాకు నవ్వొస్తుంది. పది మెట్లకొకసారి నిలబడి ఊదుతాడు, మళ్లీ ఎక్కుతాడు. తిండి కూడా కొంచెం కొంచెం, అయిదుసార్లు పెడుతున్నాను. కడుపు నిండితే ఊపిరికి చోటు ఉండదట.

ఓదెలు పనిలో ఉన్నప్పుడు సొరంగం కప్పు తట్టి చూసేవాడు. ఇనుప కర్రతో పైన తట్టి, మోతను బట్టి ఇది గట్టి రాయి, ఇది డొల్ల, కూలుతుంది, లేవండి అనేవాడు. ఆయన లేవమన్నాక ఎవరూ కూర్చునేవారు కాదు. ఇవాళ తన ఛాతీ మీద తట్టుకుని విన్నాడు.

"ఏమంటున్నది?"

"డొల్లనే. కానీ... ఇప్పట్ల... కూలదు."

పప్పులోకి తాలింపు వేయమని సాయంత్రం దాకా గొణిగాడు. ఒక్క ఎండు మిరపకాయ, నాలుగు జీలకర్ర గింజలు అంటాడు. చావనైనా చస్తాను కానీ పెట్టనన్నాను. ఉప్పు పప్పే తిన్నాడు, అలిగి.

28 రోజులు.

అంకె 90. మెట్లు ఎనభై మూడు.

పక్కింటి గట్టయ్య వచ్చి మెట్ల దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాడు. ఓదెలుతో కలిసి పద్దెనిమిదేళ్లు పనిచేశాడు. ఒకసారి ఈయన లేవమని అరిచి, మెడపట్టి లాగితే బతికినవాడు. అప్పటినుంచీ అన్నా అన్నా అని వదలడు.

"వదినె, ఈసారి అన్న పైకి పోతడు సూడు. నేను భుజాల మీద ఎక్కించుకనన్న తీస్కపోత."

"నీ భుజాలొద్దు. ఆయన కాళ్లతోనే పోతడు," అన్నాను.

గట్టయ్య పెళ్లాం కనకవ్వ నీళ్ల కుళాయి దగ్గర బిందె దించి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వంగి నిలబడింది. ఆ నిలబడటం నాకు తెలుసు. ఓదెలు మొదట్లో అట్లాగే నిలబడేవాడు.

"దగ్గుతున్నవా కనకవ్వా?"

"ఏం లేదక్కా, వయసాయె."

ఆమెకు యాభై ఒకటి. వయసట! డాక్టరమ్మతో మాట్లాడించాలి.

21 రోజులు.

అంకె 81. మెట్లు లేవు. తెమడ పచ్చగా, చిక్కగా. ఒళ్లు కాలిపోతోంది.

నిన్న నూట నాలుగు ఎక్కిన మనిషి ఇవాళ మంచం మీద కూర్చుని, ముందుకు వంగి, దిండు కౌగిలించుకుని ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. దాచి ఉంచిన మాత్రలు మొదలుపెట్టాను. తెమడ రంగు మారితే ఫోను కోసం ఆగవద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఈ పుస్తకం అందుకేనని ఇవాళ అర్థమైంది. ఆమెను తిట్టుకున్నందుకు సిగ్గుపడ్డాను.

ఓదెలూ, పోకు. నువ్వు పోతే నేను ఎవరిని తిట్టాలి.

20 రోజులు. గురువారం.

డాక్టరమ్మ ఆక్సిజన్ గాలి బుడ్డి రాసిచ్చింది. మా బాయిలో ప్రతి ఇంటికీ వారానికి ఒక బుడ్డి వస్తుంది. చివరి సొరంగాల్లో గాలి పలచగా ఉంటుంది కాబట్టి పనికి పోయేవాళ్లు వీపున కట్టుకుని పోతారు. ఓదెలుకు మాత్రం రోజంతా వాడుకోవడానికి అదనంగా ఇచ్చారు. బుడ్డి మెడ మీద గాలి వదిలే మర ఉంటుంది, దాని మీద ఒకటి నుంచి పది దాకా గీతలు.

"శంకరవ్వగారూ, రాసుకోండి. మర రెండు దాటకూడదు. క్లిప్పు అంకె ఎనభై ఎనిమిదికి తగ్గకూడదు, తొంభై రెండుకు మించకూడదు."

"తొంభై ఎనిమిది వస్తే ఇంకా మంచిదే కదమ్మా?"

"మీకైతే మంచిదే. ఆయనకు కాదు. ఎన్నో ఏళ్లుగా ఆయన ఒళ్లు తక్కువ గాలికి అలవాటు పడిపోయింది. ఒక్కసారిగా ఎక్కువ పెడితే, బయటికి పోవాల్సిన చెడు గాలి లోపలే పేరుకుంటుంది. మొహం ఎర్రబడుతుంది, తలనొప్పి వస్తుంది, చేతులు వణుకుతాయి, మత్తుగా నిద్ర పడుతుంది. ఆ నిద్రలోంచి లేవరు. చూసేవాళ్లకు హాయిగా పడుకున్నట్టే ఉంటుంది."

ఎర్ర సిరాతో, బడిలో గోడకు అంటించే అక్షరాలంత పెద్దగా రాసి మంచం పైన గోడకు అంటించాను. మర రెండు దాటకూడదు.

ఫోనులో చెబుతూ కనకవ్వ చేత కూడా ఊపిరి కొలిచే గొట్టంలో ఊదించింది డాక్టరమ్మ. ఆమెదీ అదే రోగం, ఇంకా మొదట్లో ఉంది. పంపు రాసిచ్చింది.

13 రోజులు. గురువారం.

అంకె 90, మర రెండు మీద. మెట్లు ముప్పై అయిదు. తెమడ మళ్లీ తెల్లబడింది.

గండం గడిచింది! బుడ్డిని వీపున కట్టుకుని, మర రెండు మీదే ఉంచి, పది మెట్లకొకసారి కూర్చుని ఎక్కితే పోవచ్చు అంది డాక్టరమ్మ. "తొమ్మిది రోజులున్నాయి కదా, చివరి రోజున పోనివ్వండి. ఒక పూటంతా పట్టినా సరే." ఓదెలు ఫోను పెట్టెకు దండం పెట్టాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దుమ్ము పడిందన్నాను.

12 రోజులు.

గట్టయ్య ఒక మాట పట్టుకొచ్చాడు. అన్న పైకి పోతున్నాడు కాబట్టి ఆదివారం గాలి పెడతారట.

ఇది పైలోకం నుంచి తెచ్చుకున్న అలవాటే. పైన ఉన్నప్పుడు శుభకార్యానికి బట్టలు పెట్టేవాళ్లు. పెట్టిన బట్టలు అక్కడికక్కడే కట్టుకుని చూపించాలి, విప్పి పక్కన పెడితే పెట్టినవాళ్లను అవమానించినట్టు. కింద బట్టలు ఎక్కడివి? అందుకని గాలి పెడుతున్నారు. పెళ్లికీ, పురుడుకూ, పైకి పోయేవాళ్లకూ ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో బుడ్డి తెస్తారు. పెట్టించుకునే ఇంటి ఆడమనిషి మర తిప్పాలి, పెట్టించుకున్న మనిషి వాళ్ల ముందే పీల్చాలి. బుడ్డి ఖాళీ అవ్వాలి. మిగిలింది తిరిగి పంపితే, మీ గాలి మాకొద్దు అన్నట్టే.

"వద్దు గట్టయ్యా. ఆయనకు ఎక్కువ గాలి పడదు. డాక్టరమ్మ చెప్పింది."

"గాలి పడకపోవుడేంది వదినె? గాలి లేకనే గదా అన్న గిట్లయింది! పద్నాలుగు ఇండ్లోళ్లు ఆ బుడ్డిలు లేక ఈ వారం సగం పనికే పోయిండ్రు. అన్న కోసం దాసిపెట్టిండ్రు. వద్దని నువ్వే చెప్పి రా పో."

నేను పోలేదు.

10 రోజులు. ఆదివారం.

ఉదయం అంకె 90. మర రెండు.

మధ్యాహ్నం అందరూ వచ్చారు. ఇల్లు చాలక సొరంగంలో నిలబడ్డారు. బుడ్డిలకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, దారం చుట్టి తెచ్చారు. ఓదెలు ఉతికిన చొక్కా వేసుకుని పెళ్లికొడుకులా మంచం మీద కూర్చున్నాడు. వంటకు వచ్చిన ఆడవాళ్లు ఈ ఒక్క పూటకు పప్పులో తాలింపు పెడదామన్నారు. ససేమిరా వద్దన్నాను, గరిటె లాక్కున్నాను. అంత గట్టిగా ఉన్నాను.

మొదటి బుడ్డి గట్టయ్యది. మూతి తొడుగు ఓదెలు మొహానికి పెట్టి మర తిప్పాను, రెండు దాకా.

"గదేంది వదినె, సుక్క సుక్క పోస్తున్నవ్?" అన్నాడు గట్టయ్య. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎర్ర కాగితం గట్టయ్య వీపు వెనక పడింది.

"మా గాలి మంచిగ లేదా టీచరమ్మా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

తల కొట్టేసినట్టయింది. సగం పని మానుకుని దాచిన గాలి అది. నాలుగు దాకా తిప్పాను.

ఏమీ కాలేదు. అంకె 95 అయింది. ఆయన మొహంలోకి రంగు వచ్చింది, పెదాల నలుపు పోయింది. "అగో, కళొచ్చింది!" అని అరిచారు. ఓదెలు తొడుగు కొంచెం పక్కకు జరిపి, "గట్టయ్యా, నా చిన్నప్పుడు మా బాపు నన్ను సంకనెత్తుకొని రేగుపండ్లు తెంపిపెట్టెటోడురా," అన్నాడు.

మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆయన ఆగకుండా ఒక మాట పూర్తిగా మాట్లాడి ఏడాదైంది. నాకు ఇంకా వినాలనిపించింది.

ఆరు దాకా తిప్పాను. ఇది ఎవరూ తిప్పమనలేదు.

చాలాసేపు మాట్లాడాడు. నా పెళ్లిచూపుల్లో నేను ఆయన పేరు తప్పుగా పలికానని అందరికీ చెప్పాడు. బుడ్డి అయిపోతే ఇంకొకటి తగిలించాను. తర్వాత, "తల నొస్తున్నదే," అన్నాడు. జనం గోలకు అన్నాను. చేతులు వణికితే సంబరం అన్నారు. కనకవ్వ ఒక్కతే నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "అక్కా, కాయితం మీద రెండు అని ఉన్నది గదా?"

"ఒక్క పూటకు ఏమైతది," అన్నాను.

ఆయనకు నిద్ర ముంచుకొచ్చింది. "పండనియ్ వదినె, ఎన్ని దినాల నిద్రనో," అన్నాడు గట్టయ్య. ఇంకా ఎనిమిది బుడ్డిలున్నాయి. జనానికి అన్నం వడ్డిస్తూ, మధ్యలో వచ్చి బుడ్డి మార్చుతూ ఉన్నాను.

9 రోజులు.

ఓదెలు నిన్న సాయంత్రం సైరన్ వేళకు పోయాడు. నిద్రలో. అంతకు ముందు అంకె 90. మర రెండు.

(పై పేజీలో మధ్యాహ్నం సంగతీ, ఈ బ్రాకెట్లో మాటలూ తర్వాత చేర్చినవి. ఎప్పుడు చేర్చానో ముందు పేజీల్లో ఉంది. ఆ రోజు ఆ పేజీలో ఉదయం అంకె తప్ప ఏమీ లేదు.)

6 రోజులు. గురువారం.

ఇంటికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట అన్నారు. ఎంత మంచి చావు, కడుపు నిండా గాలి పీల్చి పోయాడు అని. గట్టయ్య మంచం కోడు పట్టుకుని ఏడ్చాడు. "పొయ్యేటప్పుడన్న అన్నకు దమ్ము నిండిందే వదినె, గదొక్కటి సాలు నాకు," అన్నాడు. నేను తల ఊపాను.

ఫోను పెట్టె పలికింది. ఓదెలు పోయాడని చెప్పాను. డాక్టరమ్మ అడిగింది.

"మర ఎంత మీద ఉంది?"

"రెండు."

"అంకె?"

"తొంభై."

"మీరు చాలా బాగా చూసుకున్నారు శంకరవ్వగారూ. ఇంత శ్రద్ధగా చూసుకున్నవాళ్లను నేను చూడలేదు."

గోడ మీది కాగితం పీకి, మడిచి, ఈ పుస్తకంలో పెట్టాను.

కనకవ్వకు మూడు రోజులుగా జ్వరం, తెమడ పచ్చ. అంకె 83. డాక్టరమ్మ ఆమెకూ బుడ్డి రాసిచ్చింది. మర రెండు మీదే ఉంచాలని గట్టయ్యకు చెప్పింది. అట్లాగే అమ్మా అన్నాడు గట్టయ్య. ఆ అట్లాగే ఎలాంటిదో నాకు తెలుసు.

3 రోజులు. ఆదివారం.

మధ్యాహ్నం బయట సందడి వినిపించి తలుపు తీశాను. గట్టయ్య ఇంటి ముందు జనం. బుడ్డిలకు పసుపు రాస్తున్నారు. కనకవ్వ కూడా పైకి పోవాలని ఆమెకు గాలి పెడుతున్నారు.

చెప్పులు వేసుకోవడం కూడా మరచిపోయి పోయాను. కనకవ్వ మంచం మీద కూర్చుని ఉంది, చిన్నబోయిన మొహంతో. నన్ను చూసింది. ఆమె అడిగిన ప్రశ్నకు నేను ఏం జవాబు చెప్పానో ఆమెకూ గుర్తుంది, నాకూ గుర్తుంది. తన మొగుడు తొడుగు తెస్తుంటే, మెడ వంచింది. ఇంటినిండా జనం ఉంటే వద్దని ఎట్లా అంటుంది? నేను అనగలిగానా?

"ఆగు గట్టయ్యా," అన్నాను. "మర ముట్టకు."

"ఏంది వదినె?"

"మీ అన్న నిద్రల పోలే. నేను సంపిన."

అందరూ ఆగిపోయారు. ఒకావిడ నా భుజం పట్టుకుంది, దుఃఖంలో మతి చలించిందనుకుంది. చేయి విదిలించుకున్నాను. పుస్తకంలోంచి ఎర్ర కాగితం తీసి విప్పాను. బడిలో వెనక బెంచీ దాకా వినపడేట్టు చదివాను. మర రెండు దాటకూడదు. దాటితే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పిన మాటలు ఒక్కొక్కటే చెప్పాను. మొహం ఎర్రబడటం. తలనొప్పి. చేతుల వణుకు. నిద్ర. ఒక్కో మాటకూ వాళ్లు ఆ రోజు చూసింది గుర్తుకొస్తున్నట్టు మొహాలు మారాయి.

గట్టయ్య బుడ్డి పట్టుకునే కింద కూలబడ్డాడు. "అంటే... మా గాలి తోటే అన్న పాణం పోయిందా?"

"మీరు తెచ్చిండ్రు. మీకు తెల్వదు. నాకు తెలుసు. రెండు దాకా తిప్పి ఆపాల్సింది నేను. నాలుగు మీరు నవ్వినందుకు తిప్పిన. ఆరు నాకోసం తిప్పిన, ఆయన మాటలు ఇనాలని."

"మరి గప్పుడు ఎందుకు జెప్పలే?"

"సిగ్గయింది."

బుడ్డిని పక్కన పెట్టాడు. "సిగ్గుకు మనిషిని సంపుకుంటవా వదినె?"

కాగితం మడిచి పుస్తకంలో పెట్టాను.

గట్టయ్య లేచి పసుపు రాసిన బుడ్డిలన్నీ ఒక్కొక్కటే మోసి ఎవరి ఇంటి ముందు వాళ్లది పెట్టి వచ్చాడు. ఇంతవరకు మా బాయిలో పెట్టిన గాలిని ఎవరూ తిరిగి ఇవ్వలేదు. నా దగ్గరికి ఎవరూ రాలేదు.

అందరూ పోయాక కనకవ్వ వేలు పైకెత్తి చూపించింది. క్లిప్పులో 89.

"ఇది సాలా అక్కా?"

"సాలు తల్లీ. ఇదే సాలు."

ఇంటికి వచ్చి '10 రోజులు' అని ఉన్న పేజీ తీశాను. ఆదివారం మధ్యాహ్నం జరిగినదంతా ఇప్పుడు రాశాను, ఎర్ర సిరాతో. '9 రోజులు' పేజీలో రాసిన అంకెలు తప్పు. కొట్టేస్తున్నాను. సరైనవి: మర ఆరు. అంకె 98. తిప్పినది: శంకరవ్వ.

తలుపు తెరిచిన రెండో రోజు. గురువారం.

ఫోనులో ఆ పేజీ మొత్తం చదివాను. ఎక్కడా ఆపలేదు. చదివాక నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"కనకవ్వగారి మర ఎంత మీద ఉంది?" అని అడిగింది.

"రెండు. పొద్దున్నా సాయంత్రం పోయి చూసొస్తున్నాను. గట్టయ్య నాతో మాట్లాడడు, కానీ తలుపు తీస్తాడు."

"మిగతా మూడు బాయిల్లో కూడా గాలి పెడతారు శంకరవ్వగారూ. అక్కడ కూడా నిద్రలో పోయినవాళ్లున్నారు. ఎందుకు పోయారో నాకు తెలియలేదు, ఇప్పటిదాకా. ఈ పేజీ వాళ్లందరికీ చదివి వినిపిస్తాను. మీ పేరు చెప్పను."

"చెప్పండి," అన్నాను. "పేరు లేకపోతే ఎవరూ నమ్మరు."

తలుపు తెరిచిన తొమ్మిదో రోజు. గురువారం.

కనకవ్వను మెట్ల దగ్గరికి తీసుకుపోయాను. బుడ్డిని నేనే మోశాను. పది మెట్లకొకసారి కూర్చోబెట్టి, వేడి టీ ఊదినట్టు ఊదమన్నాను. అరవై నాలుగో మెట్టు మీద ఇక చాలు అంది. దిగివచ్చేశాం. పైనుంచి వెలుతురు కొంచెం కనిపించింది, మెట్ల మలుపులో, గోడ మీద. అది చూసి కనకవ్వ ఏడ్చింది. వచ్చే ఏడు పోదాం అన్నాను. వచ్చే ఏడు దాకా ఉంటుందని నాకు తెలియదు, ఆమెకూ తెలియదు.

తలుపు మూసే సైరన్ మోగాక గట్టయ్య పైనుంచి దిగాడు. మా గడప మీద కొంగులో పట్టేటన్ని రేగుపండ్లు పోసి, నా వైపు చూడకుండా పోయాడు. సగం ఓదెలు మంచం మీద పెట్టాను. ఒకటి తిన్నాను. పుల్లగా ఉంది.

రోగి పేరు: కనకవ్వ. అంకె 90. తెమడ తెలుపు. పంపు రెండుసార్లు, పది దాకా బిగబట్టింది. మెట్లు అరవై నాలుగు. మర రెండు. ఎవరూ ముట్టలేదు.